సూక్ష్మదర్శిని దీపము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగము)



పుస్తకములకు పండుగ చేయుచున్న సభలో బల్బులను గూర్చిన ప్రసంగమేమని ముందు వరుసలోని వారు కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వదగినదే. కాని ఈ గ్రంథాలయపు బల్లలవద్ద సాయంకాలములయందు కూర్చుండి చదువుకొను యువకులలో కొందరు ప్రయోగశాలా సహాయకుల పరీక్షకు పోవువారు. రేపు వారే రాయచోటిలోనో, గాలివీటిలోనో, లక్కిరెడ్డిపల్లెలోనో ఒక బల్లముందు కూర్చుండి, ఇరుగుపొరుగు వారి నెత్తురును, కఫమును సూక్ష్మదర్శినిలో చూచి, రోగమున్నదో లేదో కాగితముపై వ్రాయవలసినవారు. వారి పాఠ్యగ్రంథములలో క్రిములను గూర్చి నూర్ల పుటలున్నవి. వానిని చూపు దీపమును గూర్చి అరపుట యుండిన గొప్ప. ఆ అరపుటకు వ్యాఖ్యానమే నేటి ప్రసంగము.

విషయములోనికి పోవుటకు మన పూర్వులు వేసిన దారియే యొకటి కలదు. మీమాంసకులలో భాట్టులును, అద్వైత వేదాంతులును అనుపలబ్ధి యను ప్రమాణము నొకదానిని అంగీకరించిరి. నేలమీద కుండ లేదని తెలియుట యెట్లు? కుండ కనబడకపోవుటచేతనే. అయినచో చీకటియింటిలో కుండ కనబడలేదు గదా, లేదని చెప్పవచ్చునా? చెప్పరాదు. కుండ యుండినయెడల కనబడి తీరవలసిన స్థితి యుండవలెను: కన్ను సరిగా నుండవలెను, అడ్డము లేకుండవలెను, వెలుతురు చాలినంత యుండవలెను. ఇవి యన్నియు నుండియు కనబడకపోయినప్పుడే అది లేమికి సాక్ష్యమగును. దీనిని యోగ్యానుపలబ్ధి యనిరి. కనబడలేదు అనుటకును, లేదు అనుటకును నడుమ నున్న దూరమును వారు దీపముతో కొలిచిరి. ప్రయోగశాలలోని దీపము చేయవలసిన పనియు నదియే.

క్షయరోగ పరీక్షను తీసికొందము. 1882లో రాబర్టు కోఖ్ కనిపెట్టిన క్షయక్రిమి రెండు మొదలు నాలుగు మైక్రానుల పొడవుగల సన్నని కడ్డీ. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. ఎఱ్ఱరంగు పట్టించి, నీలిరంగు నేపథ్యముపై వేయింతలుగా పెంచి చూచిన గాని ఆ యెఱ్ఱని గీత కంటికి దొరకదు. నూనెచుక్క వేసి చూచు కటకముతో నూరు దృశ్యక్షేత్రములు వెదకి, ఒక్కటియు లేనప్పుడే లేదని వ్రాయవలెను. నూరు క్షేత్రములలో ఒకటి మొదలు తొమ్మిది దొరికినయెడల స్వల్పమని వ్రాసి, ఎన్ని దొరికినవో అంకె వేయవలెను. క్షేత్రమునకు పదింటికి మించి క్రిములున్న పలకను మసకదీపమైనను దాచలేదు. దాగునవి ఆ స్వల్పములే. ఆ నాలుగు గీతలు కనబడనందున, చిన్నమండెము వైపునుండి వేరుసెనగ కళ్ళము విడిచి బస్సెక్కి వచ్చిన కూలివాడు, లేదని వ్రాసిన కాగితము జేబులో పెట్టుకొని యింటికి పోవును. ఆ యింటిలో గది యొక్కటే; పిల్లలు ముగ్గురు. దగ్గు మాత్రము కాగితము మాట వినదు.

ఈ ప్రాంతమువారికి క్షయ చికిత్స క్రొత్త సంగతి కాదు. మదనపల్లె చేరువనున్న ఆరోగ్యవరము శానటోరియము 1915లో వెలసినది. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రీమోట్ మోలర్ దానిని నడిపిన తొలి పెద్ద. 1948లో ఈ దేశమున బి.సి.జి. టీకా పని మొదలయినదియు మదనపల్లెలోనే. నేడు జన్యుపరీక్షలు వచ్చి సూక్ష్మదర్శిని భారమును చాల తగ్గించినవి. అయినను చికిత్స నడుమ చేయు కఫపరీక్షకును, మలేరియా నెత్తుటి పరీక్షకును, మూత్ర పరీక్షకును ఆ పరికరము బల్లమీదనుండి దిగలేదు.

మొదట ఈ పరికరమునకు బల్బే లేదు. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డు రాస్, దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. పంకా లాగించినచో కోసిన దోమల తునుకలు ఎగిరిపోవునని పంకా మానుకొని, చెమటచేత సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టగా, మిగిలిన యొక్క అక్షికటకము పగిలి యుండగా ఆ పని జరిగినదని ఆయనయే చెప్పుకొన్నాడు. 1902లో నోబెలు బహుమానము వచ్చినది. అట్టి పరికరముల క్రింద నుండునది చిన్న అద్దము. కిటికీలోనుండి వచ్చు పగటి వెలుతురును పట్టి పైకి పంపును. అద్దమునకు రెండు ముఖములు. క్రింద కండెన్సరు ఉన్నప్పుడు చదునైన ముఖము, లేనప్పుడు పుటాకార ముఖము త్రిప్పవలెను. ఉత్తరపు కిటికీ మేలు. తెల్లని మబ్బు ఇంకను మేలు. సూర్యబింబమును మాత్రము అద్దములో పట్టరాదు, కన్ను పోవును.

పగటి వెలుతురులో లోపమేమన, అది నిలుకడ లేనిది. సాయంకాలము నాలుగు గంటలకు వచ్చిన రోగికి పనికిరానిది. ఆదిపర్వములో అర్జునుడు రాత్రి భుజించుచుండగా గాలికి దీపము కొండెక్కినను చేయి నోటికి తప్పక పోవుట గమనించి, అభ్యాసముంటే చీకటిలోనైనను గురి తప్పదని తెలిసికొని, రాత్రివేళ విలువిద్య సాధించినాడు. సూక్ష్మదర్శినివద్ద కూర్చుండువానికి ఆ సౌకర్యము లేదు. అచ్చట అభ్యాసమంతయు కంటిదే. కంటికి దీపము లేనిచో అభ్యాసము సున్న.

అందుచేత బల్బు వచ్చినది. దాని చరిత్ర విస్తరింపనక్కరలేదు. టంగ్‌స్టన్ అను లోహపు తీగె 3400 డిగ్రీలు దాటినగాని కరగదు గనుక దానిని తెల్లగా కాల్చి వెలుగు రాబట్టుదురు. కాలునప్పుడు లోహము కొంచెము కొంచెముగా ఆవిరియై గాజుకు మసిగా పట్టును. తీగె సన్నబడి తెగును. 1959లో వెలువడిన హేలోజను బల్బులో అయొడీను గాని, బ్రోమీను గాని కొంచెముగా నుండి, ఆవిరియైన లోహమును మరల తీగెవద్దకే చేర్చును. ఈ చక్రము తిరుగుటకు గాజు 250 డిగ్రీల వేడిమికి తగ్గరాదు. అందుకే ఆ బుడ్డి చిన్నది, మందమైనది, మామూలు గాజు కాక క్వార్ట్జు శిలతో చేసినది. ఈ మాట జ్ఞాపకముంచుకొనవలెను. పోషణలోని నియమములు చాలవరకు దీనినుండి పుట్టినవే.

ఇక ఎన్నిక. చిన్న ప్రయోగశాలలలో సామాన్యముగా జరుగునది యిట్లుండును. సాయంకాలము బల్బు మాడినది. ఇంకను ఇరువది పలకలు చూడవలసియున్నవి. సహాయకుడు మాడిన బల్బును పొట్లము కట్టి పిల్లవానిని బజారునకు పంపును. అంగడివాడు దానిని వెలుతురులోనికి ఎత్తి చూచి, అదే ఆకారము, అవే రెండు సూదులు గల బల్బునొకదానిని ఇచ్చును. హోల్డరులో అది చక్కగా కూర్చున్నది. మీట వేయగా వెలిగినది. అందరికిని సంతోషము. కాని పాతది 6 వోల్టుల 20 వాట్లది, క్రొత్తది 12 వోల్టుల 20 వాట్లది. సగము వోల్టులపై ఆ తీగె ఇచ్చు వెలుతురు సగము కాదు. ఇంచుమించు పదియవ వంతు. సహాయకునికి కనబడునది పసుపుపచ్చని వెలుగు. సాయంకాలమైనదనియో, కన్నులు అలసినవనియో అనుకొని అతడు ఇరువది పలకలును ముగించును.

మాడిన బల్బు తాను మాడితినని తానే చెప్పును. పని నిలుచును, అంతే. తప్పుబల్బు చెప్పదు. అది వెలుగుచునే యుండును, కాగితములు వ్రాయబడుచునే యుండును. ప్రయోగశాలలో భయపడవలసినది దీనికి.

ఇందుకు విరుగుడు కష్టమైనది కాదు. బల్బు సూదుల మొదటనో, లోహపు మొలపైననో వోల్టులు, వాట్లు అచ్చువేసి యుండును. పరికరపు అడుగుపలకపై గాని, దానితో వచ్చిన పుస్తకములో గాని అవే అంకెలుండును. రెండును సరిపోయినగాని కొనరాదు. 12 వోల్టుల పరికరములో 6 వోల్టుల బల్బు పెట్టినయెడల మీట వేసిన క్షణముననే మాడును. ఇది ఒకవిధముగా మేలు, తప్పు వెంటనే బయటపడును. ఎక్కువ వాట్లదైన వెలుతురు బాగుండునను ఆశతో 20 బదులు 30 వాట్లది వేయువారు కలరు. 6 వోల్టులపై 20 వాట్ల బల్బు లాగు కరెంటు 3.3 ఆంపియర్లు, 30 వాట్లది లాగునది 5 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మరు మూడింటి కొఱకు చేసినది, ఐదు మోయవలసి వచ్చును. నెల రెండునెలలు మోయును. తరువాత కాలిన రబ్బరు వాసన వచ్చును. ముప్పది రూపాయల ఆశకు మూడువేల మరమ్మతని లెక్క వేసికొనవచ్చును. అంకెలు అంగడినిబట్టి మారవచ్చును గాని నిష్పత్తి మారదు.

సూదుల నడుమ దూరమును చూడవలెను. జీ-4 అను మాటకు నాలుగు మిల్లీమీటర్ల ఎడమని అర్థము, జీవై-6.35 అనగా ఆరుంబావు దాటిన ఎడము, సూదులును లావు. వంచి దూర్చుట తగదు. అన్నిటికంటె ఉపేక్షింపబడునది తీగె యున్న ఎత్తు. 1893లో ఆగస్ట్ కోలర్ అను జర్మను విద్వాంసుడు చూపిన పద్ధతిలో తీగె ప్రతిబింబము కండెన్సరు క్రింద సరిగా పడి, క్షేత్రమంతట వెలుతురు సమముగా పరచుకొనును. తీగె రెండు మిల్లీమీటర్లు పైకో క్రిందికో పోయినచో క్షేత్రములో ఒక మూల చీకటి మిగులును. వాట్లు సరి, వోల్టులు సరి, సూదులు సరి. అయినను వెలుతురు సరిలేదని తికమకపడువారు పాత బల్బును, క్రొత్తదానిని ప్రక్కప్రక్కన నిలిపి తీగెల యెత్తు పోల్చి చూడవలెను. మాడిన బల్బును వెంటనే పారవేయరాదనుట ఇందుకే.

పోషణ మాటకు వచ్చినచో, ఈ సీమలో పాతకాలపు ఇల్లాండ్రకు చెప్పవలసినది తక్కువ. లాంతరు చిమ్నీని ప్రతిదినము బూడిదతో తుడిచి, వేడి చిమ్నీని తడిచేత తాకరాదని పిల్లలకు నేర్పినది వారే. హేలోజను బల్బునకు తడి మాట అటుండ, ఉత్తిచేయియే పనికిరాదు. వ్రేలి చెమటలోని ఉప్పు క్వార్ట్జుపై నిలిచి, కాగినప్పుడు ఆ చోట శిల స్వభావము చెడి తెల్లని మచ్చయగును. పిదప బొబ్బవలె ఉబ్బి పగులును. కనుక బల్బును దాని కాగితపు తొడుగుతోనే పట్టి, హోల్డరులో గ్రుచ్చి, తరువాత తొడుగు తీయవలెను. పొరపాటున తాకినచో శుద్ధమైన ఆల్కహాలులో తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, ఆరిన తరువాతనే వెలిగింపవలెను. మాడినదానిని తీయుటకు ముందు తీగె గోడనుండి ఊడదీసి, పావుగంట ఆగవలెను. ఆగనివారి వ్రేళ్ళపై ఆ ప్రమాణము ముద్రపడి యుండును.

క్రొత్తబల్బు వేసినను వెంటవెంటనే మాడుచున్నచో అంగడివానిని తిట్టుటకు ముందు హోల్డరును చూడవలెను. సూదులు కూర్చుండు రాగిచీలికలు నల్లబడి, వదులై యుండును. అచ్చట నిప్పురవ్వలు పుట్టి సూదులు గుంటలు పడును. అట్టి హోల్డరులో ఎన్ని బల్బులు వేసినను దండుగే, హోల్డరు మార్చవలెను. బల్బు వెలుగనప్పుడు మొదట ఫ్యూజు చూడుడు. ఫ్యూజు పోయిన పరికరమునకు బల్బు మార్చి, మంచిబల్బును మాడినదని పారవేసినవారు లేకపోలేదు.

వోల్టేజి సంగతి ఈ ప్రాంతమున వేరుగా చెప్పవలసి యున్నది. బోరు మోటారులన్నియు నడుచునప్పుడు దీపములు చిన్నబోవును. అవి యొక్కమాటు నిలిచినప్పుడు వోల్టేజి ఎగయును. తీగెకు ఈ ఎగయుటయే మృత్యువు. నిర్ణయించినదానికంటె నూటికి ఐదు వోల్టులు పెరిగినయెడల బల్బు ఆయువు ఇంచుమించు సగమగును. ఐదు తగ్గినచో సుమారు రెట్టింపగును, వెలుతురు ఆరవ వంతు మాత్రమే తరుగును. 6 వోల్టుల 20 వాట్ల హేలోజను బల్బులలో పెక్కింటికి తయారు చేయువారే చెప్పు ఆయువు 100 గంటలు. దినమునకు నాలుగు గంటల చొప్పున మీట చివరవరకు త్రిప్పి వెలిగించినచో ఇరువదియైదు దినములకు చెల్లు. అదే బల్బును 5 వోల్టులవద్ద నిలిపినచో వెలుతురు సగమునకు కొంచెము పైగా నుండును, ఆయువు పది రెట్లకు పెరుగును. నూనెకటకముతో చూచునప్పుడు మీట పెంచి, చిన్న కటకముతో చూచునప్పుడు తగ్గించుకొన్నవాని బల్బు సంవత్సరములో కొన్ని నెలలు ఎక్కువ బ్రతుకుటలో వింత లేదు. పది రెట్ల వస్తుకటకముతో కంటికి అందు వెలుతురులో నూరు రెట్ల కటకముతో అందునది సుమారు నాలుగవ వంతు. కనుక పెంచవలసినచోట పిసినితనము కూడదు. అతిగా తగ్గించి నిత్యము నడుపుటయు హేలోజనుకు మంచిది కాదు. గాజు చల్లబడి పైన చెప్పిన చక్రము ఆగును, బుడ్డి నల్లబడును.

మీటను కనిష్ఠమునకు త్రిప్పి వెలిగించుట, కనిష్ఠమునకు త్రిప్పి ఆర్పుట అలవాటు కావలెను. చల్లని తీగెకు కరెంటును అడ్డగించు శక్తి కాగినదానిలో పదియవ వంతుకంటె తక్కువ. ఒక్కసారిగా పూర్తి వోల్టులు పడినచో ఆ తొలిక్షణమున వరదవలె కరెంటు పారును. బల్బులు చాలవరకు వెలిగించునప్పుడే మాడుట అందుచేతనే. కరెంటు పోయినప్పుడు మీట దించి యుంచుట మరువరాదు. తిరిగి వచ్చు కరెంటు మర్యాదగా రాదు. తీగె ఎఱ్ఱగా నుండగా పరికరమును బల్లనుండి బల్లకు జరుపరాదు, కాగిన తీగె మెత్తన. స్టెబిలైజరు ఉండిన మంచిది. దుమ్ముకు గుడ్డతొడుగు ఉండవలెను గాని, బల్బు చల్లారకముందు కప్పరాదు.

ఇన్ని జాగ్రత్తలకును తోడుగా ఒక చిన్న పుస్తకము పెట్టవలెను. గ్రామపు అడంగలులో ఏ సర్వేనంబరున ఏ పైరు, ఎంత విస్తీర్ణము అని వ్రాసినట్లు, ఏ తేదీన ఏ అంకెల బల్బు వేసినది, ఏ తేదీన మాడినది, హోల్డరు ఎప్పుడు తుడిచినది అని ఒక్కొక్క పంక్తి చాలును. రెండేండ్లు వ్రాసినచో పెట్టెలో ఎన్ని బల్బులు నిలువ యుండవలెనో ఆ పుస్తకమే చెప్పును. రెండింటికి తక్కువ మాత్రము ఎన్నడును ఉండరాదు. మాడినప్పుడు కొందమనుకొన్నవానికే ఆ సాయంకాలపు పసుపుపచ్చని వెలుగు.

ఇప్పుడు ఎల్.ఇ.డి. దీపములు వచ్చినవి, వేడి తక్కువ, వేలకొలది గంటల ఆయువు, బ్యాటరీతోనైనను వెలుగును. క్షయక్రిములకు ఆరమిన్ రంగు పట్టించి చూచు పద్ధతికి పూర్వము పాదరసపు ఆవిరి దీపము కావలసి యుండెను. అది రెండు మూడువందల గంటలకే ముగియును, గడువు దాటించినచో ప్రేలు ప్రమాదమును కలదు. 2011లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దాని స్థానమున ఎల్.ఇ.డి. సూక్ష్మదర్శినులను వాడుమని సిఫారసు చేసినది. క్రొత్తది కొనువారు దీనినే కొనుట యుక్తము. పాత హోల్డరులో పట్టునట్లు చేసిన ఎల్.ఇ.డి. బల్బుల విషయమున మాత్రము తొందర వలదు. వెలుగు పుట్టు స్థానము వేరు, పాత మీటతో అది వణకుటయు కలదు. వణకు దీపముక్రింద నూరు క్షేత్రములు చూచిన కన్ను నూటొకటవదానిని చూడజాలదు. ఒకటి తెచ్చి, తెలిసిన పలకను హేలోజనుతోను, దానితోను చూచి, లెక్క సరిపోయిన పిదపనే తక్కినవి కొనవలెను.

పాత పరికరముతో వచ్చిన అద్దమును పెట్టె అడుగున పారవేసి యుందురు. దానిని తుడిచి దగ్గర నుంచుడు. కరెంటు లేని పూట మలేరియా జ్వరముతో వణకుచు వచ్చినవానిని రేపు రమ్మనుటకంటె, బల్లను ఉత్తరపు కిటికీకి జరుపుట సులభము.

సభానంతరము వాకిటి బల్లపై మూడు పాత బల్బులు ఉంచబడును. ఒకటి నల్లబడినది: ఆయువు తీరి మాడినది. ఒకటి లోపల పాలవలె తెల్లబడినది: గాజు పగిలి గాలి చొచ్చినది. ఒకదానిపై బొబ్బ కలదు. దానిక్రింద వ్రేలిముద్ర జాడ ఇంకను కనబడుచున్నది. చూడగోరువారు ఉత్తిచేతులతోనే పట్టుకొని చూడవచ్చును.